విన్న ఇంగ్లిష్ పిల్లల చెవికి ఎక్కాలంటే: లిజనింగ్ నేర్పే టీచర్లకు సమగ్ర మార్గదర్శి

హనుమకొండ, వరంగల్, జనగామ, కరీంనగర్.. ఎక్కడ చూసినా లిజనింగ్ క్లాస్ దాదాపు ఒకేలా నడుస్తుంది. ఆడియో పెడతారు, ఐదు ప్రశ్నలు అడుగుతారు, జవాబులు చెప్పేస్తారు, ఇంకో ఆడియోకి వెళ్తారు. ఇలా చేస్తే పరీక్ష పెట్టినట్టు అవుతుంది, నేర్పినట్టు కాదు. ఐదింటిలో మూడు తప్పిన పిల్లకి మూడు తప్పానని మాత్రమే తెలుస్తుంది. చెవి ఎక్కడ జారిందో తెలియదు. రేపు ఇంకో ఆడియోలోనూ సరిగ్గా అక్కడే జారుతుంది.

అదే ఆడియోని కాగితం మీద రాసిస్తే ఆ పిల్లే చక్కగా చదివి అర్థం చెప్తుంది. మాటలన్నీ తెలిసినవే. వినమంటే మాత్రం "సార్, మస్తు స్పీడ్‌గ మాట్లాడుతున్నరు" అంటుంది. నిజానికి స్పీడ్ ఒక్కటే కారణం కాదు. పుస్తకంలో విడివిడిగా కనిపించే మాటలు నోట్లోకి వచ్చేసరికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కొన్ని కుంచించుకుపోతాయి, కొన్ని అక్షరాలు మాయమైపోతాయి. ఆ రూపాన్ని పిల్లలకు ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. మనం చూపించాల్సింది అదే.

ఇప్పుడు దీని అవసరం ఇంగ్లిష్ పీరియడ్ దాటిపోయింది. 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌లో ఉండే పుస్తకాలు ఇచ్చారు. కంటికి ఆసరా దొరికింది, చెవికి దొరకలేదు. సైన్స్ సార్ ఇంగ్లిష్‌లో చెప్పే పాఠం వినపడక వెనకబడిన పిల్లను చూసి, ఆమెకు సైన్స్ రాదనుకుంటాం.

మొదటి అడుగు: చెవి ఎక్కడ జారుతోందో కనుక్కోండి

ఏ ఆడియో పెట్టాలా అని వెతకడానికి ముందు ఒక పీరియడ్ దీనికే కేటాయించండి. ఐదు చిన్న వాక్యాలు తీసుకోండి. అన్నీ పిల్లలకు తెలిసిన మాటలతోనే ఉండాలి. మీరు చదవకుండా, మామూలు వేగంతో మాట్లాడగలిగే ఇంకొకరి చేత ఫోన్‌లో రికార్డు చేయించండి. మన గొంతుకు, మన పెదవుల కదలికకు పిల్లలు అలవాటు పడి ఉంటారు కాబట్టి మనం చెప్తే అసలు లోపం బయటపడదు.

వాక్యాలు ఇలాంటివైతే చాలు: "హీ షుడ్ హావ్ ఆస్క్‌డ్ హర్ ఫస్ట్", "వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ", "ఐ కాంట్ కమ్ ఆన్ ద థర్టీన్త్", "దేర్ వజంట్ ఎనీ వాటర్ ఇన్ ద ట్యాంక్", "టర్న్ ఇట్ ఆఫ్ అండ్ గివ్ ఇట్ టు హిమ్".

ఒక్కో వాక్యం రెండుసార్లు వినిపించి, విన్నది తెలుగు అక్షరాల్లో రాయమనండి, పక్కనే దాని అర్థం కూడా రాయమనండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ వద్దు. ఇది చాలామంది టీచర్లకు మింగుడు పడదు, ఇంగ్లిష్ క్లాసులో తెలుగు రాతేంటి అంటారు. కానీ విన్నది విన్నట్టు రాయడానికి తెలుగు లిపికి మించిన సాధనం మన పిల్లల చేతిలో ఇంకోటి లేదు. ఇంగ్లిష్‌లో రాయమంటే స్పెల్లింగ్ టెన్షన్‌లో పడి, తెలిసిన మాట ఏదో ఒకటి రాసేస్తారు. తెలుగులో రాయమంటే చెవిలో ఏం పడిందో అదే కాగితం మీదకు వస్తుంది. మొదటి వాక్యానికి "హీ షుడా ఆస్టా ఫస్ట్" అని రాసిన పిల్లవాడు బాగా విన్నట్టే లెక్క. ఆ శబ్దాలే ఇంగ్లిష్‌లో ఏ మాటలో అతనికి తెలియదు, అంతే. "హీ షుడ్ ఆస్క్ ఫస్ట్" అని రాసినవాడు వినపడని చోట తనకు తెలిసిన గ్రామర్‌తో పూడ్చేశాడు.

కాగితాలు ఇంటికి తెచ్చుకుని మూడు కుప్పలుగా పెట్టండి. అక్షరాలు సరిగా రాసి అర్థం చెప్పలేకపోయినవాళ్లకు ఆ శబ్దాలు ఏ మాటలవో నేర్పాలి. అక్షరాలే తప్పు రాసినవాళ్లకు చెవి పని చేయించాలి. మాటలన్నీ పట్టుకుని అర్థం తలకిందులు చేసినవాళ్లు, అంటే ట్యాంకులో నీళ్లు లేవంటే ఉన్నాయని రాసినవాళ్లు, మూడో రకం. వీళ్లకు వాక్యం ఎలా నడుస్తుందో చూపించాలి. మూడు రోగాలకూ ఒకే మందు వేయడం వల్లే లిజనింగ్ క్లాసులు ఫలితం ఇవ్వడం లేదని నా నమ్మకం.

రెండో అడుగు: తెలుగు చెవికి ఏది కష్టమో తెలుసుకోండి

ఎక్కడో తయారైన లిజనింగ్ పుస్తకాలు ప్రపంచంలోని అందరి కోసం రాసినవి. వాటిలో "షిప్", "షీప్" తేడా మీద పేజీలకు పేజీలు ఉంటాయి. తెలుగువాళ్లకు హ్రస్వం, దీర్ఘం తేడా ఒకటో తరగతి నుంచే ఉంది. మన పిల్లలకు దాని మీద పీరియడ్ ఖర్చు పెట్టనక్కర్లేదు. వీ, డబ్ల్యూ రెండూ మనకు ఒకే "వ" కాబట్టి వాటి తేడా వినపడదు. నిజమే. కానీ మాట్లాడేటప్పుడు సందర్భమే దాన్ని సరిచేస్తుంది, ఒకసారి చెప్పి వదిలేయండి. నడవడం, పని చేయడం.. ఈ రెండు మాటలు మాత్రం ఇబ్బంది పెడతాయి. మనం "వాక్", "వర్క్" అంటాం. బ్రిటిష్‌వాళ్లు రెండోదాన్లో "ర్" పలకరు. మన చెవి ఆ "ర్" కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి నడక అనుకుంటుంది.

అసలు శ్రమ పెట్టాల్సిన చోట్లు నాలుగు.

మొదటిది మాటలు అతుక్కోవడం. దీనికి మన దగ్గర మంచి ఆధారం ఉంది. హైస్కూల్ పిల్లలు తెలుగు పీరియడ్‌లో సరళాదేశ సంధి, గసడదవాదేశ సంధి చదువుతారు. బడి బయట అలాంటివే మాట్లాడతారు. "ఏమి చేస్తున్నావు" అని పుస్తకంలో ఉంటుంది, నోట్లో అది "ఏంజేస్తున్నవ్". "ఎక్కడికి పోతున్నావు" అనేది "యాడికి వోతున్నవ్". ఈ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, వరంగల్‌కు కొత్తగా వచ్చిన ఢిల్లీ మనిషి పుస్తకంలో తెలుగు నేర్చుకుంటే "ఏంజేస్తున్నవ్" అర్థమవుతుందా అని అడగండి. పిల్లలకు విషయం వెంటనే తడుతుంది. ఆ తర్వాత ఇంగ్లిష్ సంధులు చూపించండి. "డిడ్ యూ" కలిస్తే "డిజ్యూ". "వుడ్ యూ" కలిస్తే "వుజ్యూ". "టర్న్ ఇట్ ఆఫ్" కలిస్తే "టర్నిటాఫ్". "నెక్స్ట్ డే"లో "ట్" ఎగిరిపోయి "నెక్స్‌డే". ఇంగ్లిష్‌వాళ్లు వీటిని రాతలో చూపించరు, నోటితో మాత్రం చేస్తారు.

రెండోది చిన్న మాటలు కుంచించుకుపోవడం. టు, ఆఫ్, ఫర్, అండ్, కెన్, వాజ్, హావ్.. ఇవి పుస్తకంలో నిండుగా కనిపిస్తాయి, మాటల్లో నలిగిపోతాయి. "బ్రెడ్ అండ్ బటర్" అనేది "బ్రెడన్ బటర్". "కప్ ఆఫ్ టీ" అనేది "కప టీ". ఇంగ్లిష్‌లో బలమైన మాటల మీదే ఊనిక (స్ట్రెస్) ఉంటుంది, వాటి మధ్యలో ఉన్నవి గబగబా జారిపోతాయి. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు సమయం ఇస్తాం, కాబట్టి మన పిల్లలు ప్రతి మాటా అంతే స్పష్టంగా వస్తుందని ఎదురుచూస్తారు. ఆ నలిగిన అచ్చుకి తెలుగులో అక్షరం లేదు. "అ" రాసి పైన చిన్న చుక్క పెట్టమనండి, గుర్తు కుదిరిపోతుంది.

మూడోది "కాదు" అనే మాట ఉండే చోటు. రాలేదు, తినను, తెలియదు.. తెలుగులో లేదన్న సంగతి చివర్లో తెలుస్తుంది. తెలుగు చెవి వాక్యం చివరిదాకా ఆగడానికి అలవాటు పడింది. ఇంగ్లిష్‌లో ఆ మాట క్రియకు ముందే, చిన్నగా వచ్చి వెళ్లిపోతుంది. "ఐ కెన్ కమ్", "ఐ కాంట్ కమ్" తీసుకోండి. చివరి "ట్" వినపడుతుందని ఎదురుచూస్తే మోసపోతాం, అది చాలాసార్లు వినపడనే వినపడదు. వస్తాను అన్నప్పుడు "కెన్" నలిగి "కన్" అవుతుంది, ఊనిక "కమ్" మీద పడుతుంది. రాలేను అన్నప్పుడు "కాంట్" నిండుగా, ఊనికతో వస్తుంది. అమెరికన్లైతే "క్యాంట్" అంటారు. పది వాక్యాలు కలగలిపి చెప్తూ, వస్తారంటే కుడి చెయ్యి, రారంటే ఎడమ చెయ్యి ఎత్తమనండి. వారం పాటు రోజూ రెండు నిమిషాలు చేస్తే తేడా కనిపిస్తుంది.

నాలుగోది చదివి నేర్చుకున్న మాటలు. మన పిల్లలకు ఇంగ్లిష్ చెవి నుంచి రాలేదు, అక్షరాల నుంచి వచ్చింది. "కంఫర్టబుల్" అని నేర్చుకున్నవాళ్లకు "కంఫ్‌టబుల్" ఇంకేదో మాటలా వినిపిస్తుంది. "వెజిటేబుల్" నేర్చుకుంటే "వెజ్‌టబుల్" తెలియదు. కొత్త పదం నేర్పేటప్పుడు బోర్డు మీద రాయకముందే రెండు మూడుసార్లు నోటితో చెప్పండి. ఈ ఒక్క అలవాటుకు ఖర్చు లేదు, అదనపు పీరియడ్ అక్కర్లేదు.

మూడో అడుగు: ఆడియో ఎంచుకోవడం

ఆడియో నిమిషం నుంచి రెండు నిమిషాలు చాలు. వంద మాటల్లో తెలియనివి ఐదుకు మించకూడదు. అంతకన్నా ఎక్కువైతే అది పదాల పాఠమవుతుంది.

మొదట భారతీయుల ఇంగ్లిష్ వినిపించండి. మన పిల్లలు రేపు హైదరాబాద్ ఆఫీసులో తమిళ మేనేజర్‌తో, బెంగాలీ టీమ్ లీడర్‌తో మాట్లాడాలి. కాజీపేట నిట్‌లో చదివే దేశమంతటి పిల్లలతో ఈ ఊళ్లోనే మాట్లాడే అవకాశం ఉంది. బ్యాంకు మేనేజర్, మీ బడిలోని ఫిజిక్స్ మేడం, పక్క కాలేజీ లెక్చరర్.. వీళ్లను రెండు నిమిషాలు ఏదైనా చెప్పమని అడిగి రికార్డు చేసుకోండి. కాగితం చూసి చదవనివ్వకండి. చదివితే సహజమైన ఆగడాలు, తడబాట్లు, వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవడాలు పోతాయి. అవి కూడా వినడం నేర్చుకోవాల్సినవే. బ్రిటిష్, అమెరికన్ గొంతులు తర్వాత తేవచ్చు.

నెమ్మదిగా ఉండే ఆడియోలకు మొదట్లో చోటుంది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లోనే స్పెషల్ ఇంగ్లిష్ అని, దాదాపు 1500 మాటలతో, తగ్గించిన వేగంతో వార్తలు మొదలుపెట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అలాంటివి ధైర్యమిస్తాయి. అక్కడే ఉండిపోతే మాత్రం మామూలు మాటల వేగం ఎప్పటికీ అలవాటు కాదు. ఫోన్‌లో వేగం తగ్గించి వినిపించడం ఇంకో దారి. కానీ ఒకటి గుర్తుంచుకోండి: "డిజ్యూ"ని ఎంత సాగదీసినా "డిజ్యూ"గానే ఉంటుంది, "డిడ్ యూ"గా విడిపోదు.

ఆరేడు తరగతుల పిల్లలకు మొదటి ఆడియోగా రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌ని మించింది నాకు కనిపించలేదు. కాజీపేట జంక్షన్‌లో గానీ, వరంగల్ స్టేషన్‌లో గానీ పది నిమిషాలు నిలబడితే తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటిలో వినిపిస్తుంది. రైలు నంబర్, ఎక్కడి నుంచి ఎక్కడికి, పేరు, ప్లాట్‌ఫాం.. ఏ వరసలో వస్తాయో పిల్లలకు ముందే తెలుసు. నంబర్‌ని ఒక్కో అంకెగా చదువుతారు. విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లే శాతవాహన 12713, అటు నుంచి తిరిగొచ్చేది 12714. చివరి అంకె ఒక్కటి తప్పు వింటే ఎటు పోయే బండి ఎక్కుతామో పిల్లలకు వివరించక్కర్లేదు. వినడానికి అంతకన్నా మంచి కారణం ఏ పుస్తకమూ ఇవ్వదు.

రికార్డు చేసుకున్నాక గది సంగతి చూడండి. పైన రేకులైనా, స్లాబైనా, నాలుగు ఫ్యాన్లు, నలభై మంది. ఫోన్ స్పీకర్ మూడో బెంచీ దాటదు. బ్లూటూత్ స్పీకర్ ఉంటే టీచర్ టేబుల్ మీద కాకుండా గది మధ్యలో కుర్చీ మీద పెట్టండి. ఆడియో నడిచే రెండు నిమిషాలు ఫ్యాన్లు ఆపండి. ఆఖరి బెంచీలో మీరే కూర్చుని ఒకసారి విని చూసుకోండి. వినపడక రాయలేని పిల్లను "రాదు" అని లెక్కేయడం అన్యాయం. ఆడియోని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ మీద ఆధారపడొద్దు.

నాలుగో అడుగు: వినే ముందు

ఐదు నిమిషాలకు మించొద్దు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎక్కడ, మనం ఎందుకు వింటున్నాం.. ఇంతవరకు చెప్పండి. అర్థం కావడానికి తప్పనిసరైన మూడు నాలుగు పదాలు నోటితో వినిపించండి. కథంతా చెప్పేస్తే ఇక వినడానికి ఏమీ మిగలదు.

తెలిసిన విషయం పెడితే పిల్లలకు సులువని మన ఊరి సంగతులే ఎంచుకుంటాం. మంచిదే, కానీ అందులో ఒక చిక్కుంది. రామప్ప గుడి మీద ఆడియో పెట్టి ఏ రాజుల కాలం నాటిది, యునెస్కో గుర్తింపు ఎప్పుడొచ్చింది అని అడిగారనుకోండి. కాకతీయులు, 2021 అని చెవులు మూసుకుని కూడా రాసేస్తారు. 1213 శాసనం, రేచర్ల రుద్రుడు, నీటిలో తేలే ఇటుకలు.. ఇవన్నీ బడిలో చదివినవే. మార్కులు బాగా వస్తాయి, చెవి పని చేసి ఉండదు. అందుకే నేపథ్యం తెలిసినదై ఉండాలి, ప్రశ్న మాత్రం ఆడియోలో తప్ప ఇంకెక్కడా దొరకనిదై ఉండాలి. మీ బడి మేడం పాలంపేట వెళ్లొచ్చిన సంగతి చెప్తున్న రికార్డింగ్ పెట్టి, ఆమె ఏ బస్సులో వెళ్లింది, అక్కడికి వెళ్లగానే మొదట ఏం చేసింది, దేని గురించి విసుక్కుంది అని అడగండి. ప్రశ్నలను ముందు ఆడియో లేకుండా పిల్లల చేత రాయించి చూడండి. వినకుండానే సగం మంది సరిగా రాసిన ప్రశ్నను తీసేయండి.

ఐదో అడుగు: వినడం, మళ్లీ వినడం

మొదటిసారి పెన్నులు కింద పెట్టించి, ఒకే ఒక్క పెద్ద ప్రశ్న ఇవ్వండి: ఆమె ఆ ప్రయాణం గురించి సంతోషంగా ఉందా, లేదా? రెండోసారి చిన్న ప్రశ్నలు. తర్వాత ఇద్దరిద్దరు జవాబులు పోల్చుకోవాలి. ఇక్కడ టీచర్ నోరు కట్టేసుకోవాలి. "కరెక్ట్" అన్నారంటే వినడం అక్కడితో ఆగిపోతుంది. ఒకరు ఏడు గంటల బస్సు అని, ఇంకొకరు ఎనిమిది గంటల బస్సు అని వాదించుకుంటుంటే మూడోసారి ఎందుకు వినాలో వాళ్లకే తెలుస్తుంది. జవాబు ఏ వాక్యంలో ఉందో చెయ్యెత్తి ఆపించమనండి. "ఏడు" అన్నంత మాత్రాన సరిపోదు, ఏ మాట విని ఏడు అనుకున్నావు అని అడగాలి.

ఆరో అడుగు: అసలు నేర్పేది ఇక్కడ

చాలా క్లాసులు జవాబులతో ముగిసిపోతాయి. నేర్పడం మొదలయ్యేది ఆ తర్వాతే. ఎక్కువమంది తప్పిన ప్రశ్న ఒక్కటి తీసుకోండి. దానికి ఆధారమైన వాక్యాన్ని పట్టుకుని పావుగంట దాని మీదే ఉండండి.

ఉదాహరణకు మన మేడం "వీ కుడ్ హావ్ టేకెన్ ద ఎర్లియర్ బస్" అందనుకోండి. పొద్దున్నే వెళ్లే బస్సు ఎక్కి ఉండొచ్చు, కానీ ఎక్కలేదు అని అర్థం. క్లాసులో సగం మంది పొద్దున బస్సులోనే వెళ్లిందని రాస్తారు. ఎందుకంటే వాళ్లకు గట్టిగా వినపడినవి "టేకెన్", "ఎర్లియర్", "బస్". ఆ మూడూ కలిపితే బస్సు ఎక్కినట్టే కదా.

ఆ ఒక్క వాక్యాన్నే కత్తిరించి మూడుసార్లు వినిపించండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముక్క కోసి పెట్టుకోవచ్చు, వీఎల్‌సీ ప్లేయర్‌లో ఒకే చోటును మళ్లీమళ్లీ తిప్పే సౌకర్యం ఉంది. ముందు ఎన్ని మాటలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టమనండి. ఐదంటారు, ఆరంటారు. ఏడు ఉన్నాయని చెప్పి మళ్లీ వినిపించండి. వినపడని ఆ మాటలు ఎక్కడ దాక్కున్నాయో వెతకడంలో క్లాస్ అంతా నిశ్శబ్దమైపోతుంది.

తర్వాత తెలుగు అక్షరాల్లో రాయించండి. తిరుగుతూ చూసి, మూడు రకాలు ఎంచి, ఎవరివో చెప్పకుండా బోర్డు మీద పెట్టండి: "వికుడ్ టేకెన్", "వికుడా టేకెన్", "వికుడవ్ టేకెన్". మళ్లీ వినిపించి, ఏది దగ్గరగా ఉందో చేతులెత్తమనండి. ఆ తర్వాతే దాని కింద ఇంగ్లిష్‌లో పూర్తి వాక్యం రాయండి. గట్టిగా వినపడే మాటల చుట్టూ సున్నాలు చుట్టండి. నలిగిపోయిన "హావ్" కింద గీత గీయండి. "హ" పోయింది, అచ్చు నలిగింది, మిగిలిన "అవ్" ముందున్న "కుడ్"కి అతుక్కుంది. పిల్లలు ముందు రాసిన "కుడా", "కుడవ్" సరైనవేనని చెప్పండి. చెవి సరిగానే విన్నదని తెలిస్తే వాళ్ల ముఖాల్లో వచ్చే మార్పు చూడాలి.

ఇప్పుడు అర్థం: ఎక్కారా, ఎక్కలేదా? తెలుగులో చెప్పనివ్వండి. తర్వాత ఆడియోతో పాటే అందరూ అదే వేగంతో, అదే నలుగుడుతో పలకాలి. నోటితో చేసిన సంధిని చెవి త్వరగా గుర్తుపడుతుంది. ఆపై అదే మూసలో కొత్త వాక్యాలు మీరు చెప్పండి: "యూ కుడవ్ కాల్డ్ మీ", "షీ షుడవ్ కమ్", "దే మైటవ్ లెఫ్ట్". ఒక్కో దానికి జరిగిందా లేదా, తెలియదా అని అడగండి. చివరగా మొత్తం ఆడియో ఇంకోసారి. పూర్తి రాతప్రతి చేతికిచ్చేది ఇప్పుడే, ముందు కాదు. ముందే ఇస్తే కళ్లు చదివేస్తాయి, చెవులు సెలవు తీసుకుంటాయి.

ఒక పీరియడ్‌లో ఇలాంటి వాక్యాలు రెండు చాలు. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడిలో ఒక వాక్యానికి పావుగంటా అనిపిస్తుంది. కానీ "కుడవ్" పట్టుకున్న పిల్ల ఆ తర్వాత వినే ప్రతి ఆడియోలోనూ దాన్ని పట్టుకుంటుంది.

తెలుగు అక్షరాల సాయం మాత్రం జీవితాంతం కాదు. రెండు మూడు నెలల్లో, పిల్లలు సంధులు గుర్తుపట్టడం మొదలుపెట్టాక, నేరుగా ఇంగ్లిష్‌లో రాయించండి. తెలుగు రాతను కొరుకుడు పడని ముక్కలకే ఉంచండి.

చిన్న తరగతులు, తండాల పిల్లలు

ఒకటి నుంచి మూడో తరగతి దాకా రాత వద్దు. విని చేసి చూపించడమే. లేవండి, తలుపు ముట్టుకోండి, ఎర్ర పుస్తకం మీద పచ్చ పెన్సిల్ పెట్టండి.. ఇలా ఇంగ్లిష్‌లో చెప్పి చేయించాలి. జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలో దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. ఇందులో ముఖ్యమైన సంగతి, పిల్లలు నోరు విప్పకపోయినా ఒత్తిడి చేయకపోవడం. చేసి చూపించారంటే అర్థమైనట్టే. మాట తర్వాత వస్తుంది.

మహబూబాబాద్ వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలి మాట్లాడతారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయ మాట్లాడే ఇళ్లున్నాయి. వాళ్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. అర్థం తెలుగులో చెప్పమంటే ఆ పిల్ల రెండు పరీక్షలు ఒకేసారి రాస్తున్నట్టు. బొమ్మ చూపించమనండి, గీయమనండి, పక్కనున్న పిల్లకి తన భాషలోనే చెప్పమనండి. మీకు ఆ భాష రాకపోయినా ఫర్వాలేదు. ఇద్దరూ ఒకే బొమ్మ చూపిస్తే విన్నట్టే. రెండు భాషలు చెవిన పడి పెరిగిన ఈ పిల్లలు మూడో భాష శబ్దాలకు భయపడరు. వాళ్లను వెనకబడినవాళ్లుగా చూడటం మానేయాలి.

ఇంటి దగ్గర

డిగ్రీ పిల్లలకు రోజూ నిమిషం నిడివి వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో పెట్టండి. తిరిగి వాయిస్‌లోనే జవాబు రావాలి. బడి పిల్లల్లో అందరి ఇళ్లలో ఫోన్ దొరకదు కాబట్టి దాన్ని హోంవర్క్‌గా పెట్టి మార్కులు ముడిపెట్టకండి. టీవీ ఉన్నవాళ్లకు తెలంగాణ సర్కారు చదువుల ఛానెల్ టీశాట్‌లో ఇంగ్లిష్ పాఠాలు పనికొస్తాయి.

క్రికెట్ అంటే ప్రాణమిచ్చే పిల్లలకు ఇంకోటి చెప్పండి. ఇంగ్లిష్ కామెంటరీ పెట్టుకుని ఒక ఓవర్ మొత్తం టీవీకి వీపు పెట్టి కూర్చోవాలి. ఆరు బంతులకూ ఏం జరిగిందో రాసుకుని, తర్వాత స్కోర్‌తో సరిచూసుకోవాలి. కామెంటేటర్ గొంతులో ఉత్సాహం సగం చెప్తుంది, మిగతా సగం మాటల్లోంచి తీయాలి. సబ్‌టైటిల్స్ ఉన్న వీడియో అయితే మొదట అవి లేకుండా, తర్వాత ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో, చివర మళ్లీ లేకుండా చూడాలి. రోజుకో కొత్త వీడియో కన్నా ఒకే వీడియో నాలుగు రోజులు వినడం మేలు.

పరీక్షల కోసం వచ్చేవాళ్లకు

హనుమకొండ, కరీంనగర్‌లలో విదేశాలకు వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. లిజనింగ్‌లో 4 భాగాలు, 40 ప్రశ్నలు, ఆడియో దాదాపు 30 నిమిషాలు, ఒక్కసారే వినిపిస్తారు. ఒక్కసారే కదా అని ప్రాక్టీస్‌లో కూడా ఒక్కసారే విని, మార్కులు వేసుకుని, తర్వాతి టెస్ట్‌కి వెళ్లిపోతుంటారు. నెల గడిచినా స్కోర్ కదలదు. వారానికి ఒక టెస్ట్ పరీక్షలా రాయించండి. మిగతా రోజులన్నీ అదే టెస్ట్‌లో తప్పిన వాక్యాల మీద ఆరో అడుగు చేయించండి.

మొదటి భాగంలో పేర్లు, ఫోన్ నంబర్లు, తేదీలు రాయాల్సి వస్తుంది. మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునే మార్కులు ఇక్కడివే, సులువైనవి కూడా ఇవే. థర్టీన్, థర్టీ తేడా చివరి "న్"లో వెతకొద్దు, ఊనిక ఎక్కడ పడిందో చూడాలి. థర్టీలో ఊనిక ముందుంటుంది, థర్టీన్‌లో రెండో సగం కూడా బరువుగా, సాగుతూ వస్తుంది. "డబుల్ ఫోర్", సున్నాకి "ఓ" అనడం అలవాటు చేయించండి. మాట్లాడే మనిషి ముందు మంగళవారం అని, వెంటనే కాదు గురువారం అని దిద్దుకోవడం ఈ పరీక్షలో తరచూ వస్తుంది. మొదట విన్నది రాసేసి పెన్ను పెట్టేసేవాళ్లకు అక్కడ మార్కు పోతుంది. స్పెల్లింగ్ తప్పితే జవాబు తప్పే. కాగితం మీద రాసే పరీక్ష ఎక్కడైనా ఉంటే జవాబులు ఎక్కించుకోవడానికి చివర 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్ మీదైతే సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. కాబట్టి ఎవరు ఏ పద్ధతిలో రాస్తున్నారో మొదటి రోజే అడిగి, కంప్యూటర్ పరీక్ష రాసేవాళ్లకు వింటూనే టైప్ చేయడం మొదటి వారం నుంచే అలవాటు చేయించండి.